సంగీతకారునికి స్వాతంత్ర్యమెక్కడ?

ఒకరి కొలువులోనున్న గాయకుడు పరతంత్రుడనియు, ఏ కొలువును లేనివాడు స్వతంత్రుడనియు లోకము తేలికగా నిర్ణయించును. విషయము అంత సులభమైనది కాదు. గాయకుడును దేహధారియే. అతనికిని ఆకలి కలదు, ఆలుబిడ్డలు కలరు, ఇంటి అద్దె కలదు. వీణకు తంత్రులు తెగును. మృదంగపు చర్మము పాడగును. ప్రయాణమునకు బండి కూలి కావలెను. ఆ వ్యయమంతయు ఎక్కడినుండియో రావలసినదే. ప్రభువు ఈయనిచో ప్రజలు ఈయవలెను. ప్రజలు ఈయనిచో మిత్రుడు అప్పుగా నీయవలెను. ఇచ్చువాడు మారుచున్నాడు గాని పుచ్చుకొనువాని చేయి చాచినది చాచినట్లే యున్నది. అట్లయిన “స్వతంత్ర సంగీతకారుడు” అను మాటకు అర్థమేమి? అతడు ఎవరినుండి స్వతంత్రుడు? దేనియందు స్వతంత్రుడు?

నేడు తమ యింటిగదిలో కూర్చుండి, తమ పాటను తామే ధ్వనిముద్రణము చేసికొని లోకము మీదికి పంపుచున్న యువతీయువకులకు ఈ ప్రశ్న నిత్యానుభవము. ఐనను ఇది వారితో పుట్టిన ప్రశ్న కాదు. రెండువందల నలువది యేండ్లకు పూర్వము వియన్నా నగరమున ఒక యువకుడు దీనినే ఎదుర్కొనెను. అతని ఉత్థానపతనములు అతని లేఖలలో లెక్కలతో సహా నిలిచియున్నవి. కావున విచారణకు అదియే మంచి ఆరంభము.

1781 మార్చి నెలలో సాల్జ్‌బర్గు ఆర్చిబిషప్పు కొలొరెడో వియన్నాలో విడిసి, తన ఆస్థాన సంగీతకారుడైన మొజార్టును అచటికి పిలిపించెను. మొజార్టు వయస్సు అప్పటికి 25 ఏండ్లు. బాల్యముననే రాజసభలను మెప్పించినవాడు. ఇక్కడ అతనికి లభించిన స్థానమేది? భోజనపు బల్లకడ ప్రభువుగారి అంతరంగ సేవకులకు దిగువను, వంటవారికి ఎగువను. సంవత్సరమునకు జీతము 450 ఫ్లోరినులు. చక్రవర్తి హాజరైన ఒక గృహమున వాయించు అవకాశము, ప్రభువు అనుమతి ఈయకుండుటచే, చేజారెను. ఆ ఒక్క సాయంకాలము తన సంవత్సరపు జీతములో సగము తెచ్చియుండెడిదని అతడు తండ్రికి వ్రాసికొనెను. ఆత్మాభిమానము గలవాడు ఎన్నాళ్లు సహించును? రాజీనామా ఈయబోయెను. జూన్ 8వ తేదీన ఆర్చిబిషప్పు ఉద్యోగియైన ఆర్కో ప్రభువు అతనిని కాలితో తన్ని గదినుండి వెడలగొట్టెను. ఆ విధముగా మొజార్టు స్వతంత్రుడయ్యెను.

ఇచట గమనింపదగిన ముచ్చట యొకటి కలదు. తన్నుటకు కొలది దినముల ముందు ఆ ఆర్కో ప్రభువే అతనికి ఒక హెచ్చరిక చేసెను. ఈ నగరమున కీర్తి స్వల్పకాలికమనియు, మొదట పొగడ్తయు ధనమును దండిగా వచ్చుననియు, కొన్ని మాసములు గడచునప్పటికి ప్రజలు మఱొక క్రొత్తదానిని కోరుదురనియు అతడు చెప్పెను. ఆ మాటలను మొజార్టే తండ్రికి తెలియజేసి, ప్రజల రుచి మారుట నాటకశాలకే గాని తనవంటి వాద్యకారునికి వర్తింపదని సమాధానము చెప్పుకొనెను. హెచ్చరిక చేసిన నోరు మంచిది కాదు. ఆ కాలు అంతకంటె మంచిది కాదు. ఐనను చెప్పినది సత్యమగుట అసంభవము కాదు.

మొదటి యేండ్లు మొజార్టు పక్షముననే నడచెను. 1784 వసంతమున అతడు ఏర్పరచిన మూడు కచేరీలకు 170కి పైగా చందాదారులు చేరిరి. వారి పేర్లనన్నిటిని వరుసగా వ్రాసి తండ్రికి పంపెను. తోడి వాద్యకారు లిద్దరికి కలిపి వచ్చిన చందాదారులకంటె తనకు ముప్పదిమంది ఎక్కువయని చెప్పుటకును మరువలేదు. ఆరు వారములలో 20కి పైగా సభలలో వాయించెను. ఆ సంవత్సరమే నగరమధ్యమున గొప్ప భవనములో కాపురము పెట్టెను. దాని అద్దె సంవత్సరమునకు 460 ఫ్లోరినులు. సాల్జ్‌బర్గులో ఏడాది పొడుగున కొలువు చేసి సంపాదించినదానికంటె ఇప్పుడు అద్దెయే పది ఫ్లోరినులు ఎక్కువ. స్వాతంత్ర్యమునకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెనని అతడు తలచియుండిన తప్పు పట్టువా రెవరు?

పిమ్మట గాలి తిరిగెను. 1788లో ఆస్ట్రియా తురుష్కులతో యుద్ధమునకు దిగెను. ధనికులు పలువురు నగరము విడిచిరి. ఉన్నవారు ఖర్చు తగ్గించుకొనిరి. ఇంటిలో భార్య అనారోగ్యము, వెనుకముందు చూడని వ్యయము. 1787 డిసెంబరులో చక్రవర్తి ఇచ్చిన 800 ఫ్లోరినుల చిన్న ఉద్యోగము చాలలేదు. 1788 వేసవినుండి పుఖ్‌బెర్గ్ అను వస్త్రవర్తకునికి మొజార్టు వ్రాసిన అప్పు లేఖలు ఇరువదికి సమీపముగా నేటికిని లభించుచున్నవి. చదువుటకు కష్టమైన లేఖలవి. పెద్ద మొత్తము కోరి, లేనిచో చిన్న మొత్తమైన నీయుమని, అదియును లేనిచో రేపటివరకు కొంచెమైన నీయుమని దిగివచ్చు లేఖలు. 1789 వేసవిలో క్రొత్త కచేరీలకు చందా పట్టీని ఊరిలో త్రిప్పెను. రెండు వారములకు దానిపై చేరిన పేరు ఒక్కటే.

నూటడెబ్బది యెక్కడ, ఒకటి యెక్కడ! ఐదేండ్లలో సంభవించిన ఈ భేదమునకు కారణము విద్వత్తునందు వెదకిన దొరకదు. అప్పు లేఖలు వ్రాసిన ఆ 1788 వేసవిలోనే, రెండు నెలలు నిండకుండ, అతడు తన చివరి మూడు సింఫొనీలను రచించెను. వానిని మించిన సమష్టి వాద్యరచన పాశ్చాత్య సంగీతమున అరుదని పండితులందురు. విద్వత్తు పెరిగెను, చందాదారులు తరిగిరి. కావున శ్రోతల సంఖ్య దేనిని కొలుచుచున్నది? యుద్ధమును, ధాన్యపు ధరను, ఊరి ఉబలాటమును, ఋతువును కొలుచుచున్నదనవచ్చును. సంగీతమును మాత్రము కొలుచుచున్నదని చెప్పజాలము. ఇది 1789లో ఎంత నిజమో 1784లోను అంతే నిజము. కాని పట్టీ నిండుగా నున్నప్పుడు దానిని నమ్మినవాడు, పట్టీ ఖాళీయైనప్పుడు దానిని నమ్మకుండుట కష్టము. పొగడ్తను ప్రమాణముగా నంగీకరించిన మనస్సు ఉపేక్షను గూడ ప్రమాణముగా నంగీకరించియే తీరవలెను. స్వతంత్రునికి ఇది మొదటి బంధనము. దీనిని ఏ ప్రభువును వేయలేదు.

మొజార్టు 1791 డిసెంబరు 5న మరణించెను. అతని దారిద్ర్యమును గూర్చి అతిశయోక్తులు అనేకము ప్రచారములోనున్నవి. ఆ చివరి సంవత్సరమున స్థితి మెరుగుపడుచుండెననుట సత్యము. సెప్టెంబరు 30న నగరపు వెలుపలి నాటకశాలలో ప్రదర్శింపబడిన అతని గేయనాటకము “మాయా మురళి” సామాన్య ప్రజలను ఆకర్షించెను. ఐనను మిగిలినవి అప్పులు, ఇరువదితొమ్మిదేండ్ల భార్య, ఇద్దరు కుమారులు. స్వాతంత్ర్యపు మూల్యమును చెల్లించువాడు స్వతంత్రు డొక్కడే కాడనుటకు ఇది సాక్ష్యము.

కొలువులోనే యుండి కృతార్థుడైనవాడు హైడన్. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుతో ఆయన చేసికొనిన ఒప్పందమున, ఉడుపులు ఎట్లుండవలెనో, దినమునకు రెండుసార్లు ప్రభువు ముంగిటి గదిలో ఆజ్ఞకై ఎట్లు వేచియుండవలెనో వ్రాయబడెను. ఆయన రచనలు పరులకు ఈయరాదు. మొజార్టు ఒక్కమాసము సహింపని ఈ జీవితమును ఆయన ముప్పదియేండ్లు సహించెను. సహించుటయే గాక, లోకమునకు దూరముగా నుండుటచేతనే తన దారి తాను కనుగొనక తప్పలేదని వార్ధక్యమున సంతోషముతో చెప్పుకొనెను. రోజును వాద్యబృందము చేతికింద నుండెను. రేపటి భోజనపు చింత లేదు. ఇక బెథోవెను ఈ రెండింటి నడుమ సంధి కుదుర్చుకొనజూచెను. 1809లో ముగ్గురు ప్రభువులు సంవత్సరమునకు 4,000 ఫ్లోరినులిచ్చుటకు ఒప్పుకొనిరి. వియన్నా విడువకుండుట తప్ప ఏ సేవయు చేయనక్కరలేదు. ఏర్పాటు ఉత్తమమైనదే. రెండేండ్లలో దేశపు నాణెము విలువ పడిపోయెను. ఒక ప్రభువు గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. మఱొకరి ఆస్తి చిక్కులలో పడెను. బెథోవెను న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చెను.

సరిగా ఆ కాలముననే, బెథోవెనుకంటె మూడేండ్లు పెద్దవాడైన ఒక తెలుగు వాగ్గేయకారుడు కావేరీ తీరమున తిరువయ్యారులో నివసించుచుండెను. 1767లో తిరువారూరున జన్మించిన త్యాగరాజస్వామి వారి మార్గము వేరు. తంజావూరును అప్పుడు మహారాష్ట్ర ప్రభువులు పాలించుచుండిరి. నాయకరాజుల కాలమునుండి అచటి ఆస్థానమున తెలుగు సంగీతమునకు గౌరవపీఠము కలదు. ఆయన తండ్రి రామబ్రహ్మము రాజసభలో రామాయణ ప్రవచనము చేసినవాడు. గురువు శొంఠి వేంకటరమణయ్యగారు ఆస్థాన విద్వాంసులు. రాజద్వారము ఆయనకు మూయబడియున్నది కాదు. శరభోజి మహారాజు ఆహ్వానము పంపగా దానిని ఆయన నిరాకరించెనని సంప్రదాయము చెప్పుచున్నది. వీధులలో నామసంకీర్తనము చేయుచు గృహస్థులు వేసిన గింజలతో ఇంటిని, శిష్యులను పోషించుకొనెను. దీనినే ఉంఛవృత్తి యందురు.

ఉంఛవృత్తిని భక్తికి గుర్తుగా మాత్రమే చూచుట పరిపాటి. దానిలో ఒక వివేకము కూడ దాగియున్నది. ప్రభువు ఇచ్చునది పెద్దది; ఇచ్చువాడు ఒక్కడు; కావున అతనికి కోరుటకు హక్కు కలుగును. తన పేర ఒక వర్ణము కావలెననును, తన పుట్టినదినమున కచేరి జరుగవలెననును. గుప్పెడు బియ్యము వేసిన ఇల్లాలు రేపటి కీర్తన ఏ రాగమున నుండవలెనో శాసింపజాలదు. శాసించుటకు ఆమెకు తోచనే తోచదు. అక్కరను గుప్పెడు గింజలకు దించి, ఆ గుప్పెడును పలు గుమ్మములకు పంచినవాడు ఎవరికిని పాటను బాకీ పడలేదు. అంగడిలో నిలిచిన మొజార్టు తన అక్కరను పెంచుకొని దానిని ఊరి చపలత్వముపై ఆధారపరచెను. ఇద్దరును కొలువును కాదన్నవారే. కాని ఆధారపడుట తప్పనిదైనప్పుడు దానిని జీవితములో ఏ భాగముపై పడనీయవలెను, ఏ భాగమును దాని నీడ సోకకుండ కాపాడవలెను అను విషయమున వారికి భేదము కలదు.

ఐతే ఇచట ఆగి, త్యాగయ్యగారి మార్గమే అందరికిని శిరోధార్యమని చెప్పి లేచుట న్యాయము కాదు. ఆ మార్గమునకును మూల్యము కలదు. రాజాశ్రయమును కాదన్నందుకు ఆగ్రహించిన అన్న, తమ్ముడు పూజించు విగ్రహములను కావేరిలో పారవేసెనను కథ అందరికి తెలిసినదే. ఆ అన్నను దుర్మార్గునిగా చిత్రించుట కథకులకు అలవాటు. కాని ఉమ్మడి కుటుంబమున వచ్చిన సిరిని ఒకడు కాదనినచో, తక్కినవారి కోపమునకు ఏ కారణమును లేదనవచ్చునా? వైరాగ్యము నిశ్చయించుకొనినవాడు ఆకలిని భరించుట తపస్సు. నిశ్చయించుకొనని భార్యాబిడ్డలు ఆ ఆకలిని భరించుట తపస్సు కాదు, ఆకలియే. స్వతంత్ర జీవనమును ఎన్నుకొను సంగీతకారుడు ముందుగా తన యింటివారితో కూర్చుండి మాటాడవలసిన మాట ఇది.

దీనికంటె గొప్ప అన్యాయము మఱొకటి నిత్యము జరుగుచున్నది. త్యాగరాజస్వామి ధనమును తృణీకరించెనని ఉపన్యసించు సభాధ్యక్షులే, ఆ మరుసటి దినము పాడుటకు వచ్చిన బీద గాయనికి రైలు ఛార్జీ ఇచ్చుటకు వెనుకాడుదురు. “సంగీతము దైవసేవ గదా, దానికి వెల కట్టవచ్చునా?” అందురు. వేదికకు అద్దె చెల్లింతురు, దీపములకు చెల్లింతురు, పూలదండలు కట్టినవానికి చెల్లింతురు. దైవసేవ చేయవలసిన భారము గాయని యొక్కతెపైననే పడును. త్యాగము చేయుటకు హక్కు త్యాగికే కలదు. ఒకని వైరాగ్యమును చూపి మఱొకని కూలిని ఎగబెట్టుట లోభమే గాని భక్తి కానేరదు.

తిరువయ్యారులోనే దీనికి చక్కని సమాధానము నిలిచియున్నది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన పిమ్మట ఆయన సమాధి క్రమముగా శిథిలమయ్యెను. దానిని వెదకించి, స్థలము సంపాదించి, 1920 దశకమున ఆలయము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. దేవదాసి కులమున 1878లో జన్మించి, మద్రాసున కచేరీలు చేసి గడించిన విదుషి ఆమె. తాను కట్టించిన ఆలయపు ఆరాధనలో స్త్రీలకు పాడుటకు అనుమతి లేకపోగా ఆమె వెనుకంజ వేయక, స్త్రీలచేత వేరుగా ఆరాధన జరిపించెను; కాలక్రమమున అందరును ఒక్కటిగా పాడు ఆచారము నెలకొనెను. 1952లో మరణించిన ఆమె సమాధియు అచటనే స్వామికి అభిముఖముగా నున్నది. ధనమును వలదన్నవాని గుడి, పాటకు వెల పుచ్చుకొన్న ఒక స్త్రీ ధనముతో లేచెను. పుచ్చుకొనుటయే కళకు కళంకమనువారు ఆ గుడి గడపపై నిలిచి ఆలోచింపవలెను.

తెలుగు దేశమున విజయనగరము, పిఠాపురము, బొబ్బిలి మొదలగు సంస్థానములు చిరకాలము విద్వాంసులను పోషించెను. విజయనగరపు సంగీత కళాశాల 1919లో ఏర్పడి ద్వారం వేంకటస్వామి నాయుడుగారివంటి వాయులీన విద్వాంసులకు ఆచార్యపీఠమయ్యెను. ఆ జీతము ఆయన కమానును బరువెక్కించలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీ ఆశ్రయము అంతరించెను. సభలు, రేడియో, చలనచిత్రములు ఆ స్థానమును కొంతకొంతగా ఆక్రమించెను. ఇప్పుడు వానినిగూడ దాటి, ఏ సభా కార్యదర్శిని, ఏ నిర్మాతను, ఏ ధ్వనిముద్రణ సంస్థను ప్రాధేయపడనక్కరలేని కాలము వచ్చినది. వేయి రూపాయల సాధనముతో పాట ముద్రింపవచ్చును. అరగంటలో అది దేశాంతరమున వినబడును. పూర్వపు విద్వాంసులు కలగనని స్వేచ్ఛ ఇది.

ఆ స్వేచ్ఛకు లెక్క మాత్రము విచిత్రముగా నున్నది. స్పాటిఫై వంటి సంస్థలు ఒక్కొక్క వినికిడికి స్థిరమైన వెల చెల్లింపవు. వచ్చిన ఆదాయములో ఒక భాగమును కుప్పగా పోసి, మొత్తము వినికిళ్లలో ఎవరి పాటలకు ఎంత వంతు కలదో ఆ వంతున పంచును. ఒక శ్రోత నెలంతయు ఒకే గాయని పాటలు వినినను, అతని చందా ఆమెకే చేరునని లేదు. అధికముగా వినబడు పాటలవైపునకే పాలు పోవును. 2024నుండి ఆ సంస్థ మఱొక నియమము పెట్టినది: గడచిన పండ్రెండు మాసములలో కనీసము 1,000 సారులు వినబడని పాటకు ఆ ముద్రణపై ప్రతిఫలము లేదు. తొమ్మిదివందల తొంబదితొమ్మిది సారులు వినబడిన పాట లెక్కకు రాదు. మనదేశమున 2012లో జరిగిన కాపీరైటు చట్ట సవరణ రచయితలకును, గాయకులకును తమ కృతుల ప్రతిఫలముపై హక్కును బలపరచినది, అది హర్షింపదగినదే. కాని హక్కు గలదని తెలిసికొనుట ఒకటి, దానిని రాబట్టుకొనుట మఱొకటి. ఇక కచేరీలనే నమ్ముకొన్నవారికి 2020 మార్చిలో ఒక్క రాత్రిలో దేశమంతట సభాద్వారములు మూతపడినప్పుడు, స్వతంత్రునికి ఆపత్కాలమున తలుపు తట్టుటకు ఒక గుమ్మమైనను లేదని తెలిసివచ్చెను.

పైకి చూచిన, ఈ చిల్లర ప్రతిఫలము ఉంఛవృత్తికి దూరపు చుట్టమువలె కనబడును. అచట గుప్పెడు గింజలు, ఇచట పైసలో కొంత భాగము. అచట పలు గుమ్మములు, ఇచట లక్షల చెవులు. ఏ ఒక్కరును శాసింపజాలరు గదా! ఐనను భేదము గొప్పది. తిరువయ్యారు వీధిలో గింజలను పాత్రలో వేసికొనిరే గాని, ఏ కీర్తనకు ఎన్ని గింజలు రాలినవో లెక్కించి గోడపై వ్రాయలేదు. నేటి గాయకుని యెదుట ఆ లెక్క రేయింబవళ్లు వెలుగుచుండును. ఏ క్షణమున శ్రోత విసిగి పాటను విడిచిపోయెనో గూడ అది చూపును. దానిని చూచి చూచి, ఆలాపనను కురుచ చేయుటయు, మొదటి పది క్షణములలోనే ఆకర్షణ కూర్చుటయు అభ్యాసమగును. ఎవరును ఆజ్ఞాపించలేదు. కొలొరెడో లేడు, ఆర్కో లేడు. యజమాని యెక్కడను కనబడడు; సేవ మాత్రము సాగుచునే యుండును.

పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున “సంగీత రత్నాకరము”ను రచించిన శార్ఙ్గదేవుడు గాయకులను ఐదు తెగలుగా విభజించెను: శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు. బోధించువాడు, అనుకరించువాడు, తాను రసావిష్టుడగువాడు, శ్రోతలను రంజింపజేయువాడు, గీతమునకు నూతన భావమును కూర్చువాడు. రంజకుడు ఆ పట్టికలో గౌరవముతోనే యున్నాడు. జనులను సంతోషపెట్టుట తప్పని ఆ మహాపండితుడు అనలేదు. కాని ఐదింటిలో అది యొకటి మాత్రమే. శ్రోతల లెక్కను ఒక్కదానినే చూచుచు కూర్చున్న గాయకుడు తక్కిన నలుగురిని తనలో చంపుకొని రంజకుని ఒక్కనినే మేపుచున్నాడు. శార్ఙ్గదేవుని బ్రతుకుతెరువు సంగీతము కాదను సంగతియు స్మరింపదగినది. అతడు రాజ్యపు లెక్కల అధికారి. పగలు పద్దులు చూచి, సంగీతమును దేనికిని అమ్ముకొనక, ఏడు అధ్యాయముల గ్రంథమును లోకమునకిచ్చెను. పాఠశాలలో ఉపాధ్యాయుడై, కచేరీలో గుమాస్తాయై పొట్ట పోసికొనుచు తెల్లవారుజామున సాధన చేయువారు నేడును ఎందరో కలరు. వారిని “పూర్తికాలపు” కళాకారులు కారని చిన్నచూపు చూచుట తగదు. ఆ మార్గమున అలసట కలదు, సాధనకు కాలము చాలదు. కాని స్వరము ఎవరికిని తాకట్టుపడదు.

కర్మఫలమును గూర్చి గీతాచార్యుడు చేసిన బోధను ఈ విషయమున తప్పుగా అన్వయించుట కలదు. ఫలాపేక్ష వలదనగా ప్రతిఫలము పుచ్చుకొనరాదని కొందరు అర్థము చెప్పుదురు. కూలి వేరు, ఫలము వేరు. పొలము దున్నినవాడు కూలి అడుగుట ఆసక్తి కాదు. అది ఇచ్చువాని ఋణము, అడుగువాని ధర్మము. గాయకుడు తన వేతనమునకై ఒప్పందము వ్రాసికొనుటయు, చట్టప్రకారము హక్కును కోరుటయు ఆ కోవలోనివే. ఫలమన్నది వేరు. తన పాట విని లోకము తలయూపవలెనను కోరిక, ఊపకున్న కలుగు క్రుంగు, తోడివానికి ఊపిన కలుగు మంట, అది ఫలము. కూలిని గట్టిగా అడిగి, ఫలమును విడిచిపెట్టుట సాధ్యమే. సామాన్యముగా జరుగునది దీనికి విపర్యయము: చప్పట్లకై తహతహలాడుచు కూలిని వదలుకొందురు. ఉచితముగా పాడినచో పేరు వచ్చునన్న ఆశకు ఎందరు విద్వాంసులు తమ యౌవనమును ధారపోయుట లేదు!

సమచిత్తము అనగా రెండును ఒకటే యని నాలుకతో చెప్పుట కాదు. ఖాళీ కుర్చీలను చూచినవాని గుండె బరువెక్కును. ఎక్కని గుండె గలవానికి పాటయు రాదు. పరీక్ష ఆ రాత్రి కాదు, మరునాటి ఉదయము. నిండు సభకు మరునాడును, ఖాళీ సభకు మరునాడును శ్రుతి ఒకే తీరున సరిచేసికొని కూర్చుండగలిగెనా? నిండు సభ మరునాడు సాధన మానివేయుటయు, ఖాళీ సభ మరునాడు సాధన మానివేయుటయు ఒకే రోగపు రెండు లక్షణములు. మొదటిది సుఖముగా నుండుటచే రోగమని ఎవరును గుర్తింపరు.

1789 నాటి ఆ చందా పట్టీపై చేరిన ఒకే పేరు గొట్‌ఫ్రీడ్ వాన్ స్వీటెను అను నాతనిది. అతడు చక్రవర్తి గ్రంథాలయాధికారి. అంతకు ఏడేండ్లకు పూర్వమే, 1782నుండి, ప్రతి ఆదివారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు మొజార్టు అతని యింటికి పోవుచుండెను. అచట చందాలు లేవు, ప్రకటనలు లేవు. నలుగురైదుగురు కూర్చుండి, ఊరంతయు మరచిన బాఖ్, హాండెల్ అను పూర్వాచార్యుల కృతులను వాయించుకొనెడివారు. స్వీటెను వానిని మొజార్టుకు ఇంటికి ఎరువిచ్చి పంపెడివాడు. పలు గొంతులు ఒకదానినొకటి వెంబడించుచు కలిసి నడచు ఆ పాత విద్యను మొజార్టు అచట మరల మొదటినుండి అభ్యసించెను. ఆ విద్యకు అప్పటి వియన్నాలో గిరాకీ లేదు. 1788 ఆగష్టు 10న, అప్పుల నడుమ, ముగించిన చివరి సింఫొనీ ఆఖరి భాగమున ఐదు స్వరభావములు ఒక్కటిగా అల్లుకొని లేచు చోట వినబడునది ఆ ఆదివారముల అభ్యాసమే.